ఫాఫ్సా దరఖాస్తులో పన్ను వివరాల బదిలీ, తనిఖీ

అమెరికాలో కాలేజీ చదువుకు ఫెడరల్ ప్రభుత్వ సహాయం కోరే విద్యార్థి నింపే దరఖాస్తు ఫాఫ్సా. పూర్తి పేరు ‘ఫ్రీ అప్లికేషన్ ఫర్ ఫెడరల్ స్టూడెంట్ ఎయిడ్’. విద్యార్థి, తల్లిదండ్రుల ఆదాయం, పన్ను వివరాలు ఆ దేశపు పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ నుంచి నేరుగా ఈ దరఖాస్తులోకి చేరడాన్ని పన్ను వివరాల బదిలీ అంటారు. వచ్చిన అంకెలు ఆ కుటుంబానివేనా, చేరవలసిన గడిలోకే చేరాయా, కుటుంబం ఇప్పుడున్న స్థితికి సరిపోతాయా అని చూడటం తనిఖీ.

తెలుగు రాష్ట్రాల్లో ఫీజు రీయింబర్స్‌మెంటుకు తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం ఎలాంటిదో, అమెరికాలో ఈ సహాయానికి పన్ను రిటర్ను అలాంటిది. కాకపోతే అక్కడ పత్రాన్ని విద్యార్థి తెచ్చి చూపనక్కరలేదు. విద్యాశాఖ కంప్యూటరు అడిగితే పన్నుల శాఖ కంప్యూటరు జవాబిస్తుంది. ఆ జవాబులో ఏముందో విద్యార్థికి గాని, తల్లిదండ్రులకు గాని తెరమీద కనిపించదు. 2024–25 విద్యాసంవత్సరం నుంచి అమల్లో ఉన్న పద్ధతి ఇదే. తనిఖీలోని చిక్కులు చాలావరకు ఇక్కడే పుడతాయి.

పూర్వరంగం

ఫెడరల్ విద్యార్థి సహాయానికి మూలం 1965 నాటి ఉన్నత విద్యా చట్టం. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఆ ఏడాది నవంబరు 8న టెక్సస్‌లోని శాన్ మార్కస్‌లో, తాను చదువుకున్న కాలేజీలోనే దానిపై సంతకం చేశాడు. గ్రాంట్లు, రుణాలు, చదువుకుంటూ చేసే ఉద్యోగాలు ఈ చట్టంలోని నాలుగో భాగం కిందికి వస్తాయి. 1972 సవరణలతో వచ్చిన ప్రాథమిక గ్రాంటుకు 1980లో రోడ్ ఐలండ్ సెనేటర్ క్లెయిబోర్న్ పెల్ పేరు పెట్టారు. 2024–25లో పెల్ గ్రాంటు గరిష్ఠ మొత్తం 7,395 డాలర్లు. దీన్ని తిరిగి కట్టనక్కరలేదు. అందుకే ఆదాయం అంకె మీద ఇంత పట్టింపు.

అందరికీ ఒకే ఉచిత దరఖాస్తు ఉండాలన్న నియమం 1992 సవరణలతో వచ్చింది. తొలి రోజుల్లో కుటుంబాలు పన్ను రిటర్నును పక్కన పెట్టుకుని ఒక్కో అంకెనూ చేత్తో ఎక్కించేవి. దరఖాస్తు జనవరిలో మొదలయ్యేది, రిటర్నుకు గడువు ఏప్రిల్ నడుమ. ముందుగా దరఖాస్తు చేసినవారికే కొన్ని సహాయాలు దక్కేవి కాబట్టి చాలామంది అంచనా అంకెలు వేసి, రిటర్ను దాఖలయ్యాక దిద్దుకునేవారు. దిద్దడం మరిచిపోయినవారూ ఉండేవారు. కాలేజీలు కొందరిని ఎంచి రిటర్ను నకళ్లు తెప్పించుకుని సరిపోల్చేవి. ఒక కాలేజీ అలా సరిపోల్చవలసిన దరఖాస్తులకు 30 శాతం అని ఉన్న పరిమితిని 2010 నియమాలు తొలగించాయి, అవి 2012 జూలై నుంచి అమలయ్యాయి.

డేటా రిట్రీవల్ టూల్

2010 జనవరిలో ఐఆర్‌ఎస్, విద్యాశాఖ కలిసి ‘డేటా రిట్రీవల్ టూల్’ను ప్రవేశపెట్టాయి. ఆర్థిక సహాయ కార్యాలయాల్లో దాన్ని డీఆర్‌టీ అనేవారు. దరఖాస్తు నింపుతున్న వ్యక్తి మధ్యలో ఐఆర్‌ఎస్ పేజీకి వెళ్లి, రిటర్నులో ఇచ్చిన చిరునామాను ఉన్నదున్నట్టు టైపు చేస్తే తన అంకెలు కనిపించేవి. సరే అంటే అవి దరఖాస్తులోకి వచ్చేవి. చిరునామాలో వీధి పేరును రిటర్నులో పొడిగా రాసి ఇక్కడ పూర్తిగా రాసినా సరిపోలేది కాదు. తల్లిదండ్రులను ఎక్కువగా విసిగించింది ఈ ఒక్క గడే కావచ్చు.

వచ్చిన అంకెను కుటుంబం చూడగలిగేది, మార్చగలిగేది కూడా. మార్చితే ఆ సంగతి ఒక కోడు రూపంలో కాలేజీకి తెలిసేది. మార్చకుండా వచ్చిన అంకెను సరిచూసినట్టే లెక్కించేవారు. ఈ సౌకర్యం అందరికీ ఉండేది కాదు. భార్యాభర్తలు విడివిడిగా రిటర్నులు వేసినా, సవరణ రిటర్ను వేసినా, విదేశంలో పన్ను కట్టినా పాత పద్ధతిలో చేత్తో నింపవలసిందే.

ఎప్పటి ఆదాయం చూడాలన్నదీ ఈ కాలంలోనే మారింది. 2017–18 దరఖాస్తు నుంచి ముందటి ఏడాదికీ ముందు ఏడాది ఆదాయాన్ని లెక్కలోకి తీసుకున్నారు. దరఖాస్తు జనవరికి బదులు 2016 అక్టోబరు 1న మొదలైంది. రిటర్ను అప్పటికే ఐఆర్‌ఎస్ దగ్గర ఉంటుంది కాబట్టి అంచనాల అవసరం తప్పింది. అదే లెక్కన 2024–25కు 2022 ఆదాయం, 2025–26కు 2023 ఆదాయం ఆధారం.

2017 నాటి మూసివేత

2017 మార్చి 3న ఐఆర్‌ఎస్ ఈ టూల్‌ను హఠాత్తుగా ఆపేసింది. వేరేచోట దొంగిలించిన పేర్లు, సోషల్ సెక్యూరిటీ నంబర్లతో కొందరు మోసగాళ్లు విద్యార్థుల్లా ఫాఫ్సా మొదలుపెట్టి, టూల్ ద్వారా ఇతరుల సర్దుబాటు స్థూల ఆదాయం (కొన్ని మినహాయింపులు పోగా మిగిలే ఆదాయం) అంకెను రాబట్టారు. అమెరికాలో ఆన్‌లైన్‌లో రిటర్ను వేసేటప్పుడు కిందటేడాది సర్దుబాటు స్థూల ఆదాయం ఒక రకమైన తాళంచెవిలా పనిచేస్తుంది. అది చేతికందితే మరొకరి పేరిట దొంగ రిటర్ను వేసి రిఫండు కొట్టేయవచ్చు. దాదాపు లక్ష మంది పన్ను చెల్లింపుదారుల వివరాలు ప్రమాదంలో పడి ఉండవచ్చని, సుమారు 8,000 దొంగ రిటర్నులపై 3 కోట్ల డాలర్ల దాకా రిఫండ్లు వెళ్లాయని అప్పటి ఐఆర్‌ఎస్ కమిషనర్ జాన్ కోస్కినెన్ సెనేట్ కమిటీకి చెప్పాడు.

టూల్ 2017 అక్టోబరు 1న మళ్లీ తెరుచుకుంది, కాని అంకెలు మూతపడ్డాయి. గడిలో డాలర్ల మొత్తానికి బదులు ‘ఐఆర్‌ఎస్ నుంచి బదిలీ అయింది’ అన్న మాట మాత్రం ఉండేది. దొంగకు అడ్డం వేసిన ఆ తెర అసలు తల్లిదండ్రులకూ అడ్డమైంది. కుటుంబం తన అంకెను తాను చూసుకునే వీలు పోయింది ఇక్కడే. తర్వాతి చట్టాలు ఆ తెరను తీయలేదు, ఇంకా గట్టిపరిచాయి.

ఫ్యూచర్ చట్టం, నేరుగా బదిలీ

2019 డిసెంబరు 19న ఫ్యూచర్ చట్టం వచ్చింది. పన్ను వివరాల గోప్యతను కాపాడే ఇంటర్నల్ రెవెన్యూ కోడ్‌లోని 6103వ సెక్షన్‌ను ఇది సవరించి, ఐఆర్‌ఎస్ ఆ వివరాలను విద్యాశాఖకు నేరుగా ఇచ్చే వీలు కల్పించింది. ఏడాది తర్వాత, 2020 డిసెంబరు 27న, ఫాఫ్సా సరళీకరణ చట్టం తోడైంది. కుటుంబం భరించగల వాటాను చెప్పే పాత అంకె స్థానంలో ‘స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్’ ఏర్పడింది. వాడుకలో సాయ్. ఇది సున్నా కంటే తగ్గి మైనస్ 1,500 దాకా పోవచ్చు. సాయ్ ఎంత తక్కువైతే అర్హత అంత ఎక్కువ.

కొత్త పద్ధతిలో దరఖాస్తుకు ఆదాయ వివరాలు ఇవ్వవలసిన ప్రతి ఒక్కరినీ ‘కంట్రిబ్యూటర్’ అంటారు. విద్యార్థి, తల్లి లేదా తండ్రి, కొన్ని సందర్భాల్లో ఇద్దరూ కంట్రిబ్యూటర్లే. ప్రతి ఒక్కరూ సొంత ఖాతా తెరిచి, పన్ను వివరాల బదిలీకి సమ్మతి తెలపాలి. రిటర్నే వేయని వ్యక్తి కూడా సమ్మతి ఇవ్వాలి. ఒక్కరు ఇవ్వకపోయినా విద్యార్థికి ఫెడరల్ గ్రాంటూ రాదు, రుణమూ రాదు. అంకెలు చేత్తో నింపుతామన్నా ఒప్పుకోరు.

సమ్మతి అందాక పేరు, పుట్టినతేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరు సరిపోలితే ఐఆర్‌ఎస్ అంకెలు పంపుతుంది. వీటిని ఫెడరల్ పన్ను సమాచారం అంటారు. వీటికి చట్టపరమైన రక్షణ ఉండటం వల్ల కాలేజీలో వీటిని చూసేవారు, దాచే తీరు అన్నీ కట్టుదిట్టంగా ఉండాలి. దరఖాస్తుదారుకు అందే సారాంశ పత్రంలో ఇవి ఉండవు. సాయ్ అంకె మాత్రం ఉంటుంది.

2024–25 దరఖాస్తులో ఎదురైన తప్పులు

ఏటా అక్టోబరు 1న తెరిచే దరఖాస్తు, 2024–25కు 2023 డిసెంబరు 30న గాని తెరుచుకోలేదు. విద్యార్థుల రికార్డులు కాలేజీలకు చేరడం 2024 మార్చి నడుమ మొదలైంది. ఆ నెలలోనే రెండు తప్పులు బయటపడ్డాయి. మొదటిది విద్యాశాఖ లెక్కింపులోనిది. ఆస్తులు చూపిన, తల్లిదండ్రులపై ఆధారపడిన కొందరు విద్యార్థుల సాయ్ తప్పుగా వచ్చింది. రెండోది నేరుగా ఈ వ్యాసవిషయం. ఐఆర్‌ఎస్ నుంచి వచ్చిన కొన్ని వివరాలు రిటర్నుతో సరిపోలలేదు. విద్యా పన్ను క్రెడిట్లు, సవరణ రిటర్నులు ఉన్న రికార్డుల్లో ఈ తేడా కనిపించింది. సరిదిద్దితే విద్యార్థికి ఎక్కువ సహాయం వచ్చేలా ఉన్న రికార్డులను ఏప్రిల్‌లో మళ్లీ లెక్కించడానికి పూనుకున్నారు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఆ తప్పును కుటుంబాలు పట్టుకునే దారి దాదాపు లేదు, ఎందుకంటే అంకె వాటికి కనిపించదు. ఐఆర్‌ఎస్ నుంచి వచ్చిన అంకె దానికదే సరైనదన్న భావన మీద కట్టిన పద్ధతికి ఆ వసంతకాలం పెద్ద పరీక్షే అయింది.

బదిలీ అయ్యే అంకెలు

పన్ను రిటర్ను వేసే 1040 ఫారం నుంచి వచ్చే ముఖ్యాంశాలు ఇవి. పంక్తుల సంఖ్యలు 2023 పన్ను సంవత్సరపు ఫారం ప్రకారం.

సర్దుబాటు స్థూల ఆదాయం 11వ పంక్తి. ఆదాయపు పన్ను 22వ పంక్తిలోంచి రెండో షెడ్యూలు 2వ పంక్తిని తీసివేయగా మిగిలేది. జీతం నుంచి కోసిన పన్నుగాని, వచ్చిన రిఫండుగాని ఇది కాదు. పన్ను లేని వడ్డీ 2ఏ. విశ్రాంత పొదుపు ఖాతాల నుంచి తీసుకున్న సొమ్ములో పన్ను పడని భాగం 4ఏ, 4బి పంక్తుల తేడా. పెన్షన్లకు అలాగే 5ఏ, 5బి. స్వయం ఉపాధి వారి పొదుపు ఖాతాల, వ్యక్తిగత విశ్రాంత పొదుపు ఖాతాల మినహాయింపులు ఒకటో షెడ్యూలు 16, 20 పంక్తులు. విద్యా క్రెడిట్లు మూడో షెడ్యూలు 3వ పంక్తి, 1040 ఫారం 29వ పంక్తి కలిపి. ఒక విద్యార్థికి 2,500 డాలర్ల పూర్తి అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ వస్తే అందులో 1,500 మూడో షెడ్యూల్లోనూ, 1,000 డాలర్లు 29వ పంక్తిలోనూ ఉంటాయి. ఈ క్రెడిట్లను సాయ్ లెక్కలో ఆదాయం నుంచి తీసివేస్తారు. కాబట్టి ఇది తక్కువగా చేరితే విద్యార్థికే నష్టం.

కుటుంబంలో ఎంతమంది ఉన్నారన్నది కూడా 2024–25 దరఖాస్తులో రిటర్నులోని ఆధారితుల సంఖ్య నుంచే ఊహించారు. రిటర్ను వేశాక బిడ్డ పుట్టినా, తాతయ్యో అమ్మమ్మో వచ్చి ఈ ఇంటి ఖర్చు మీదే ఆధారపడినా ఆ సంఖ్య పాతబడుతుంది. దాన్ని మార్చుకునే ప్రశ్న దరఖాస్తులో ఉంది. చూసీ చూడకుండా దాటిపోయే ప్రశ్నల్లో అదొకటి.

రోలోవర్ చిక్కు

బదిలీ సవ్యంగా జరిగినా తప్పు ఫలితం రాగల సందర్భాలకు రోలోవర్, అంటే విశ్రాంత పొదుపును ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మళ్లించడం, మంచి ఉదాహరణ. ఒక తండ్రి ఉద్యోగం మారి, పాత కంపెనీలోని 401కె పొదుపు 60,000 డాలర్లను కొత్త ఖాతాకు మళ్లించాడనుకుందాం. చేతికి పైసా రాలేదు. అయినా రిటర్నులో 5ఏ పంక్తి మీద 60,000, 5బి మీద సున్నా ఉంటుంది, పక్కన రోలోవర్ అని ఆంగ్లంలో ఒక్క మాట. కంప్యూటరు 5ఏలోంచి 5బి తీసివేసి, 60,000 డాలర్ల పన్నులేని ఆదాయం అనుకుంటుంది. తల్లిదండ్రుల ఆదాయంపై లెక్కించే వాటా రేటు 22 శాతంతో మొదలై 47 శాతం దాకా పోతుంది. పై రేటు వర్తించే కుటుంబంలో ఈ ఒక్క అంకె సాయ్‌ను 28,200 దాకా పెంచగలదు. అంటే ఎప్పుడూ ఖర్చుకు రాని సొమ్ము వల్ల విద్యార్థి అర్హత పోవచ్చు.

డీఆర్‌టీ కాలంలో అంకె కనిపించినప్పుడు కొందరు దాన్ని చేత్తో తగ్గించేవారు. ఇప్పుడు అంకె కనిపించదు కాబట్టి విడిగా ఒక ప్రశ్న పెట్టారు. మళ్లించిన మొత్తం ఎంతో అక్కడ నింపితే లెక్కలోంచి తీసేస్తారు. నింపకపోతే తీసేయరు. ఐఆర్‌ఎస్ నుంచి అన్నీ వచ్చాయి కదా అని ఆ గడిని ఖాళీగా వదిలేసినవారికి తమ సాయ్ ఎందుకు ఎక్కువ వచ్చిందో అర్థంకాదు. కాలేజీ వారు ఆధారంగా రోలోవర్ మాట ఉన్న రిటర్ను నకలునో, సంతకం చేసిన వివరణనో అడుగుతారు.

బదిలీ జరగని, సరిపోని సందర్భాలు

తల్లిదండ్రులు ఉమ్మడి రిటర్ను వేసి తర్వాత విడాకులు తీసుకుంటే, ఆ ఉమ్మడి అంకెల్లోంచి దరఖాస్తులో ఉన్నవారి వాటాను విడదీసి చూపాలి. కలిసే ఉంటూ విడివిడిగా రిటర్నులు వేస్తే ఇద్దరూ కంట్రిబ్యూటర్లుగా చేరాలి, ఉమ్మడిగా వేస్తే ఒకరు చాలు. 1040-ఎక్స్ ఫారంతో రిటర్ను సవరించినవారు సంతకం చేసిన ఆ ఫారాన్ని కాలేజీకి చూపాలి. సోషల్ సెక్యూరిటీ నంబరు లేని తల్లిదండ్రులు సాధారణంగా అంకెలను చేత్తో నింపాలి.

పన్ను గుర్తింపు చౌర్యానికి గురైనవారిది మరో సమస్య. వారి పేరిట ఐఆర్‌ఎస్ దగ్గర దొంగ రిటర్ను ఉండవచ్చు, రిటర్ను సారాంశమైన మామూలు ట్రాన్‌స్క్రిప్టు దొరకకపోవచ్చు. వారికి ఐఆర్‌ఎస్ ‘టాక్స్ రిటర్న్ డేటాబేస్ వ్యూ’ అనే వేరే పత్రం ఇస్తుంది.

అంకె నూటికి నూరు పాళ్లు సరైనదై, కుటుంబ పరిస్థితి మారిపోవడం ఇంకో సంగతి. రెండేళ్ల కిందటి జీతం ఉద్యోగం పోయిన తండ్రికి వర్తించదు. కాలేజీ లాంఛనంగా చేసే సరిపోలిక అయిన వెరిఫికేషన్ పరిధిలోకి ఇది రాదు. ఉన్నత విద్యా చట్టం 479ఏ సెక్షన్ ప్రకారం కాలేజీ సహాయాధికారి తన విచక్షణతో ఆ అంకెను సర్దవచ్చు. ఉద్యోగం పోయిన లేఖ, నిరుద్యోగ భృతి పత్రాలు వంటివి అడుగుతారు. దీన్ని ప్రొఫెషనల్ జడ్జిమెంటు అంటారు. ఒక్కో విద్యార్థి విషయాన్ని విడివిడిగా చూసి నిర్ణయించాలి.

కాలేజీలో వెరిఫికేషన్

తనిఖీకి ఎవరిని పంపాలో మొదట విద్యాశాఖ యంత్రాంగమే ఎంచి, రికార్డు మీద గుర్తు వేస్తుంది. వి1 అంటే ఆదాయం, పన్ను, కుటుంబ సంఖ్య వంటి అంశాల సరిపోలిక. వి4 అంటే విద్యార్థి గుర్తింపు, చదువు ప్రయోజనం గురించిన ప్రకటన. వి5లో రెండూ కలిసి ఉంటాయి. వీరు కాక అనుమానం వచ్చిన ఇతరులనూ కాలేజీ స్వయంగా ఎంచవచ్చు.

ఐఆర్‌ఎస్ నుంచి నేరుగా వచ్చి మారకుండా ఉన్న అంకెను మళ్లీ సరిచూడనక్కరలేదు. అందువల్ల వి1 పని చాలామంది విద్యార్థులకు కుటుంబ సంఖ్య దగ్గరే ముగుస్తుంది. చేత్తో నింపిన అంకెలకు మాత్రం సంతకం చేసిన రిటర్ను నకలుగాని, ఐఆర్‌ఎస్ ఉచితంగా ఇచ్చే ట్రాన్‌స్క్రిప్టుగాని కావాలి. డాలర్లలో ఉన్న ఒక అంశం 25 డాలర్లు లేదా అంతకు మించి తేడా వస్తే దిద్ది పంపాలి.

దీనికి తోడు మరో బాధ్యత ఉంది. విద్యార్థి ఎంపికైనా కాకపోయినా, కాలేజీ దగ్గరున్న రెండు సమాచారాలు పొసగకపోతే సహాయం విడుదలకు ముందే ఆ తేడాను తేల్చాలి. బదిలీ అయిన అంకె అన్న కారణంతో దీన్ని దాటవేయడానికి వీల్లేదు. ఉద్దేశపూర్వకంగా తప్పుడు సమాచారం ఇచ్చినవారికి 20,000 డాలర్ల దాకా జరిమానా, జైలు, లేదా రెండూ ఉండవచ్చని దరఖాస్తులోనే హెచ్చరిక ఉంటుంది.

అంకె కనిపించని కుటుంబానికి మిగిలింది ఎదురులెక్క. విద్యాశాఖ వెబ్‌సైటులోని ఫెడరల్ స్టూడెంట్ ఎయిడ్ ఎస్టిమేటర్‌లో ఆ ఏటి 1040 అంకెలు నింపితే సుమారు సాయ్ వస్తుంది. సారాంశ పత్రంలోని సాయ్ దీనికి ఎంతో దూరంగా ఉంటే, ఎక్కడో ఒక అంకె పక్కకు జరిగిందని అర్థం. బదిలీ అయిన అంకెను విద్యార్థి దిద్దలేడు. రిటర్ను నకలుతో కాలేజీ సహాయ కార్యాలయానికి వెళ్లడమే దారి. (చూ. రోలోవర్ చిక్కు, బదిలీ అయ్యే అంకెలు.)

తెలుగు కుటుంబాలకు సంబంధించిన అంశాలు

ఎఫ్‌1 వీసాపై చదవడానికి వెళ్లిన విద్యార్థులకు, హెచ్‌4 వీసాపై ఉన్న పిల్లలకు ఫెడరల్ సహాయం లేదు. పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవారు అర్హులు. హెచ్‌1బి తల్లిదండ్రులకు అమెరికాలో పుట్టిన బిడ్డ పౌరుడే కాబట్టి, తల్లిదండ్రుల గ్రీన్ కార్డు ఇంకా వరుసలో ఉన్నా దరఖాస్తు చేయవచ్చు. ఆ తల్లిదండ్రులకు సోషల్ సెక్యూరిటీ నంబరు, రిటర్ను రెండూ ఉంటాయి, బదిలీ మామూలుగానే జరుగుతుంది.

ఇబ్బంది పేరు దగ్గర రావచ్చు. తెలుగువారి ఇంటిపేరు పాస్‌పోర్టులో ఒకచోట, పొడి అక్షరాలతో మరోచోట ఉంటుంది. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉన్నవారికి వీసాలో సొంతపేరు స్థానంలో, సొంతపేరు తెలియదు అనే అర్థంలో, ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని పడుతుంది, అదే కొన్ని పత్రాల్లోకి పాకుతుంది. సోషల్ సెక్యూరిటీ కార్డుపై ఉన్న పేరు, ఫాఫ్సా ఖాతా పేరు, రిటర్ను మీది పేరు ఒకటి కాకపోతే సరిపోలిక తప్పే అవకాశం ఉంది. ఖాతా తెరిచేటప్పుడే కార్డును ఎదురుగా పెట్టుకుని పేరు ఎక్కించడం మేలు.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఫిక్స్‌డ్ డిపాజిట్ల మీద వచ్చే వడ్డీని అమెరికా పన్నుల దృష్టిలో నివాసులైనవారు అక్కడి రిటర్నులో చూపాలి. అలా చూపిన వడ్డీ సర్దుబాటు స్థూల ఆదాయంలో కలిసే బదిలీ అవుతుంది కాబట్టి విడిగా మళ్లీ రాయకూడదు. తండ్రి స్వదేశానికి తిరిగివచ్చి భారతదేశంలోనే పన్ను కడుతూ, అమెరికాలో రిటర్ను వేయవలసిన అవసరం లేకపోతే ఐఆర్‌ఎస్ దగ్గర ఏమీ ఉండదు. అప్పుడు సమ్మతి ఇచ్చి, ఆదాయాన్ని డాలర్లలోకి మార్చి చేత్తో నింపాలి. ఫాఫ్సా అడిగేది జనవరి నుంచి డిసెంబరు దాకా ఒక క్యాలెండరు సంవత్సరాన్ని, మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. రెండు ఐటీఆర్‌లను ముందేసుకుని నెలల లెక్క చూసుకోవలసి రావచ్చు.

కొన్ని ప్రైవేటు విశ్వవిద్యాలయాలు సొంత నిధుల నుంచి సహాయం ఇవ్వడానికి కాలేజ్ బోర్డు నిర్వహించే సీఎస్ఎస్ ప్రొఫైల్‌ను కూడా అడుగుతాయి. అందులో కుటుంబమే అంకెలు నింపి, కాలేజీ అడిగితే రిటర్ను నకళ్లను జతచేయాలి. ఒకే ఇంటి ఆదాయం ఈ రెండు దరఖాస్తుల్లో వేర్వేరుగా కనిపిస్తే కాలేజీ సహాయాధికారి ముందుగా తెరిచి చూసేది 1040 ఫారాన్నే.